చావులేని ఇంట్లో శోకం

"డిస్కు ఇచ్చెయ్యి నాన్నా."

"ఇవ్వను."

"సాయంత్రం తెర కట్టేస్తారు. పేటలో అందరికీ చెప్పేశాం. ఉప్పాడ నుంచి కూడా వస్తున్నారు."

"తెర కట్టుకోండి. ఏం ఆడించుకుంటారో ఆడించుకోండి. నా పెళ్ళాం గొంతు మాత్రం అందులో వినపడకూడదు."

జీవరాజు గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రాలేదు, బయటికి పోలేదు. నా కొడుకు ఎప్పుడూ అంతే. ఏ పనైనా సగం దాకా వచ్చి ఆగుతాడు. ఈ సినిమా ఒక్కటే చివరిదాకా తీశాడు.

సినిమా అనకూడదట. డాక్యుమెంటరీ అనాలట.

నేను మంచం మీద కూర్చుని ఉన్నాను. డిస్కు నా లుంగీ మడతలో ఉంది. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది. మా పాత పేట మొత్తం అందులో ఉందని వీడంటాడు. సముద్రం మింగిన ఇళ్ళ వరసలు, వలలు ఆరేసుకున్న దిబ్బ, పడవలు లాగిన రేవు. పొద్దున వాడు లేవకముందే బల్ల మీద నుంచి తీశాను. దొంగతనం అంటే అననివ్వండి.

"ఇంకో కాపీ లేదు నాన్నా. మొన్న వాయుగుండం వానకి లాప్‌టాప్ తడిసి చచ్చింది. ఉన్నది అదొక్కటే."

"అయితే మంచిదే. సముద్రంలోకి విసిరేస్తే పేటా సినిమా ఒకేచోట ఉంటాయి."

"అమ్మ కూడా ఉంది అందులో."

"అమ్మ లేదురా. అమ్మని నువ్వే చంపావు."

ఆ మాట ఈ ఇంట్లో కొత్త కాదు. మసేనమ్మ పెద్దకర్మ రోజున మొదటిసారి అన్నాను. తర్వాత అనని వారం లేదు. వాడు తల వంచుకుంటాడు. ఎదురు చెప్పడు. చెబితే నాకు కాస్త తేలికగా ఉండేదేమో.

మా వాళ్ళలో మనిషి పోతే ఆడవాళ్ళు కాళ్ళ దగ్గర కూర్చుని రాగం తీసి ఏడుస్తారు. శోకం పెట్టడం అంటారు. ఊరికే కన్నీళ్ళు కార్చడం కాదు. పోయినవాడు ఏ వరసలో పుట్టాడు, ఎవరి మనవడు, ఏ పడవ మీద వేటకి పోయాడు, ఎవరికి పెట్టాడు, ఎవరిని కొట్టాడు, అన్నీ అందులో రావాలి. మసేనమ్మ ఎత్తితే ముత్తాతల దాకా పోయేది. పేటలో ఎవరి ఊపిరి ఆగినా ముందు ఆవిడకే కబురు.

కానీ చావులేని ఇంట్లో ఆ రాగం ఎత్తకూడదు. పిల్లలు ఆటకి ఎత్తినా మూతి మీద కొడతాం. ఎత్తిన ఇంటికి చావు వస్తుంది.

వీడు కెమెరా పెట్టి ఎత్తించాడు. నేను హార్బరులో ఇంజను బాగుచేయించుకునే రోజు చూసుకుని ఎత్తించాడు. ఆ రాగం విని, పేట మునిగాక మమ్మల్ని పెట్టిన ఈ కాలనీలో ఆడవాళ్ళు జుట్టు విరబోసుకుని పరిగెత్తుకొచ్చారట. ఎవరూ పోలేదమ్మా, సినిమా కోసం అని చెప్పి మసేనమ్మే వాళ్ళకి టీ పోసిందట.

నెల తిరక్కుండా కాకినాడ దారిలో, ఆటోలో, నా ఒళ్ళో పోయింది.

"మావయ్యా, అన్నం తిని అరవండి." కోడలు సాయిదుర్గ కంచం పట్టుకుని వచ్చింది. మొగల్తూరు పిల్ల. ఎంత గొడవలోనైనా అండి అనడం మానదు. "ఖాళీ కడుపుతో అరిస్తే నీరసం వచ్చేస్తదండి. మళ్ళీ ఆ నీరసానికి కూడా మీ అబ్బాయే కారణమంటారు."

"అక్కడ పెట్టు."

"పెడితే తినరండి. పిల్లి తింటది."

వీధిలో బండి ఆగింది. జీవరాజు స్నేహితుడు ఫిన్నీ. కెమెరా పట్టింది వాడే. బండి వెనక పెద్ద పెట్టెని దుప్పటిలో చుట్టి కట్టుకుని కాకినాడ నుంచి వచ్చాడు.

"నమస్తే అంకుల్. జాగ్రత్తరా జీవా, మెల్లగా దించు, ప్రొజెక్టరు మా చర్చిది. పాస్టరు గారు వంద జాగ్రత్తలు చెప్పి ఇచ్చారు." లోపలికి వచ్చి మా ముఖాలు చూశాడు. "ఏంటి అందరూ ఇలా ఉన్నారు? కరెంటు పోయిందా?"

"కరెంటు ఉందండి. డిస్కే పోయింది," అంది సాయిదుర్గ.

"పోలేదు. నా దగ్గరుంది," అన్నాను. "నువ్వు రావడం మంచిదైంది. ఇంకోసారి పాడమన్నది నువ్వేగా?"

ఫిన్నీ నవ్వు ఆగిపోయింది.

"చెప్పు. మొహమాటం దేనికి? నా పెళ్ళాం చేత చావు రాగం ఒకసారి తీయించి, చాలక ఇంకోసారి అన్నది నువ్వేనా కాదా?"

"నేనేనండి. మొదటిసారి సౌండు సరిగ్గా రాలేదు అంకుల్. సరిగ్గా మధ్యలో ఐసు లారీవాడు హారను కొట్టాడు." వాడు గోడకి ఆనుకున్నాడు. "నాకు మీ పద్ధతి తెలీదండి. మా చర్చిలో పాట బాగా రాకపోతే మళ్ళీ పాడతాం. అలాగే అనుకున్నాను."

"ఏమంది?"

"నవ్వారండి. ఒక మనిషికి ఒక్కసారే ఎత్తుతారు బాబూ, ఇంకోసారి కావాలంటే ఇంకో మనిషి పోవాలి అన్నారు."

"మరి?"

"నేను సరే వదిలేయండి ఆంటీ అన్నాను. ఆవిడ కాళ్ళ దగ్గర నేల చూశారండి. తర్వాత లైటు ఆపకు అన్నారు. ఎత్తారు. సినిమాలో పెట్టింది ఆ రెండోదే. అది చాలా..."

"ఫిన్నీ," అన్నాడు జీవరాజు.

అంతే అన్నాడు. కానీ వాడా పేరు అన్న తీరుకి సాయిదుర్గ చేతిలో కంచం ఆగిపోయింది.

మొదటిది మా అమ్మకి ఎత్తిందని నాకు తెలుసు. మా అమ్మ ఎప్పుడో పోయిన మనిషి. రెండోది ఇంకో మనిషికని ఈ ఏడాదిలో నాకెవరూ చెప్పలేదు.

"రెండోది ఎవరికిరా?"

జీవరాజు నేల చూశాడు.

"ఎవరికి?"

"నాన్నా, నువ్వు చూస్తే..."

"ఎవరికని అడిగాను."

"నీకు."

సాయిదుర్గ చీర చెంగు నోట్లో కుక్కుకుంది. ఫిన్నీ వీధిలోకి చూస్తున్నాడు. వీధిలో ఏమీ లేదు.

బతికున్న మొగుడికి పెళ్ళాం శోకం పెట్టడం మా పేటలో నేను వినలేదు. తిట్లలో కూడా ఆ మాట రాదు. కడుపు మండిన ఆడది నిన్ను తగలెయ్య అంటుంది, నీ వల కుళ్ళిపోను అంటుంది. నీకు శోకం పెడతాను అనదు.

"అందుకేనా దాచావు?"

"దాచలేదు. చూడమని ఏడాదిగా అడుగుతున్నాను. నువ్వు చూడనన్నావు."

"అంత కసి ఏం ఉంది ఆవిడకి నా మీద?"

"కసి కాదు నాన్నా."

లుంగీ మడతలోంచి డిస్కు తీసి మంచం మీద పడేశాను. "చూపించు."

ఫిన్నీ తన లాప్‌టాప్ తెరిచాడు. సాయిదుర్గ కంచం కింద పెట్టి తలుపు దగ్గరగా వేసింది.

మసేనమ్మ వచ్చింది.

ఇదే గది. ఇదే గోడ. కాళ్ళు బారజాపుకుని కూర్చుంది. ఆ పొద్దున హార్బరుకి వెళ్ళే ముందు నేను చూసిన పసుపు చీరే. ముడి విప్పి జుట్టు ముందుకి వేసుకుంది. కెమెరా వైపు చూడలేదు. తన కాళ్ళ దగ్గర, ఖాళీ నేల మీద ఎవరో పడుకుని ఉన్నట్టు అక్కడ చూసింది.

"ఓ తాతాజీ మావో..."

కాపురం చేసిన ఇన్నేళ్ళలో మసేనమ్మ నా పేరు పలకలేదు. రేషను కార్డు రాసే పిల్లాడు అడిగితే పక్కింటావిడ చేత చెప్పించింది. మా ఆడవాళ్ళు మొగుడి పేరు నోటితో అనరు. శోకంలో మాత్రం అంటారు. ఒక్క శోకంలోనే అనాలి.

నా పేరు ఆవిడ గొంతులో ఎలా ఉంటుందో నాకు తెలియదు. ఇప్పుడు తెలిసింది.

"కెరటం వైపు వరసలో చివరింటి మావో...
ఎర్ర తెరచాప మేరుగయ్య నీ తాత మావో...
గాలివానకి పోయి మళ్ళీ రాని చిట్టియ్య నీ పెదనాన్న మావో...
నీ గోడకి గోడ కొండమ్మ ఇల్లు మావో...
నీ రేవు లేదు, నీ దిబ్బ లేదు, నీ వరస నీళ్ళలో ఉంది మావో..."

అలా పోయింది. మా వరస అయింది. పక్క వరస ఎత్తుకుంది. నా మేనత్త నాకు పెట్టిన చద్దికూడు చెప్పి, ఆ మేనత్త ఇంటి వాళ్ళందరినీ చెప్పింది. నేను చిన్నప్పుడు తలకాయ పగలగొట్టిన సూరిగాడిని చెప్పి, సూరిగాడి తండ్రీ తాతల్ని చెప్పింది. నేను మర్చిపోయిన వాళ్ళని చెప్పింది. ప్రతి మాట చివరా కాసేపు ఆగింది. ఆగి, మళ్ళీ ఎత్తింది.

చివర్లో గొంతు దించింది.

"గుండెల మీద బండ ఉంది మావో...
ముందు నేనే పోతాను మావో...
నేను పోయాక నిన్నేడ్చేది ఎవరు మావో...
అందుకే ఇప్పుడే ఏడుస్తున్నాను మావో..."

ఫిన్నీ ఏదో నొక్కాడు. మసేనమ్మ నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది.

పిల్లి కంచం దగ్గరికి వచ్చింది. ఎవరూ తోలలేదు.

"ముందు నేనే పోతాను అంది," అన్నాను.

"శోకంలో అలా అంటారు కదా నాన్నా," అన్నాడు జీవరాజు. "రాగం కోసం."

"మీ అమ్మ శోకంలో అబద్ధం పెట్టదురా. మా బాబాయి పోయినప్పుడు ఆయన ఉంచుకున్న మనిషి పేరు కూడా పెట్టింది. పిన్ని ఏడాది పాటు మాట్లాడలేదు." నేను కోడలి వైపు తిరిగాను. ఎందుకు తిరిగానో తెలియదు. ఆ పిల్ల ముఖం అప్పటికే తెల్లగా ఉంది. "ఎవరికి తెలుసు?"

సాయిదుర్గ చెంగు వదిలేసింది.

"నాకండి."

జీవరాజు తల ఎత్తాడు.

"ఆసుపత్రికి నేనే తీసుకెళ్ళాను మావయ్యా. చీరలు కొనుక్కోవడానికని మీకు చెప్పి వెళ్ళాం కదండి, అప్పుడు. గుండె సగమే పని చేస్తుందన్నారు. ఆపరేషను అన్నారు. చేసినా నమ్మకం లేదన్నారు. దారి పొడుగునా అత్తయ్య నా చెయ్యి వదల్లేదండి. మీకు చెప్పనని ఒట్టు వేయించుకున్నారు."

"ఎందుకు?"

"మీరు పడవ అమ్మేస్తారని."

"అమ్మేవాణ్ణే."

"అదేనండి. ఇల్లు సముద్రం తీసుకుంది, పడవ నేను తీసుకోలేను అన్నారు."

"ఆవిడ లేని పడవ నాకెందుకు? ఎక్కడికి తోలుకుపోను?" నా గొంతు నాకే వికారంగా వినపడింది. "ఒక్క మాట చెబితే కాకినాడ కాకపోతే విశాఖపట్నం తీసుకుపోయేవాణ్ణి. మోసుకుపోయేవాణ్ణి. నువ్వెవతివే నా పెళ్ళాం ప్రాణం మీద ఒట్టు వేసుకోవడానికి?"

"మావయ్యా..."

"ఇక నీ చేతి కూడు నాకొద్దు. ఈరోజు కాదు, ఎప్పుడూ వద్దు."

ఆ పిల్ల ఏడవలేదు. మొగుడి వైపు చూసింది. జీవరాజు చూపు తిప్పుకున్నాడు.

"నాకు కూడా చెప్పలేదు," అన్నాడు నెమ్మదిగా. "పక్కనే పడుకుని. ఏడాదిగా ఆయన నన్ను హంతకుడంటుంటే వింటూ."

"ఒట్టండి."

"ఆవిడ పోయాక ఒట్టేంటి?"

ఆ ఇద్దరి మధ్య ఏదో తెగింది. ఆ చప్పుడు నేను విన్నాను. అతకాలనిపించలేదు.

జీవరాజుని అన్న మాట వెనక్కి తీసుకున్నానా? లేదు. వాడూ అడగలేదు.

ఫిన్నీ లాప్‌టాప్ మీంచి తల ఎత్తాడు. "అంకుల్, నాదొక మాట. మీ పేరు వచ్చిన దగ్గర సౌండు తీసేద్దాం. ఒక్క పేరే. అప్పుడు ఎవరికో పెట్టారనుకుంటారు. మీకు ఇబ్బంది ఉండదు."

"కుదరదు," అన్నాడు జీవరాజు. వాడు నాతో కాదు, నేలతో మాట్లాడుతున్నట్టు ఉంది. "ఆ పేరు తర్వాత ప్రతి మాటా 'నీ' తోనే ఉంది. నీ తాత, నీ పెదనాన్న, నీ వరస, నీ రేవు. ఆ 'నీ' ఎవరో తెలియకపోతే మిగతా వాళ్ళంతా ఎవరి తాతలు? ఎవరి వరస? కాలనీ పిల్లల్ని మీదే వరసరా అంటే బి బ్లాకు అంటున్నారు. పాత పేట ఏ కాగితంలోనూ లేదు. మేం కట్టుకున్నాం, పోయింది. అమ్మ ఒక్కతే అందరినీ ఒకచోట పెట్టింది. నాన్న మీద పెట్టింది."

వాడు అంత పొడుగు మాట మాట్లాడగా నేను వినలేదు.

"నీ ఇష్టం నాన్నా. నువ్వు వద్దంటే తెర విప్పేస్తాను. డిస్కు నీ దగ్గరే ఉంచుకో."

తెర మీద మసేనమ్మ అలాగే నోరు తెరుచుకుని ఉంది. ఇంకా ఏదో అనబోతున్నట్టు.

ఇది ఆడితే పేట అంతటి ముందూ నేను చచ్చినవాణ్ణి. ఆడకపోతే మా తాత మేరుగయ్య, చిట్టియ్య పెదనాన్న, కొండమ్మ, సూరిగాడు, ఆ వరసలన్నీ రెండోసారి మునుగుతాయి. మధ్యలో దారి లేకుండా కట్టింది మసేనమ్మ. వల అల్లినా అంతే గట్టిగా అల్లేది.

"ఆడించండి," అన్నాను. "ముందు వరసలో నాకు కుర్చీ వెయ్యండి."

"వద్దు నాన్నా. నువ్వు ఇంట్లోనే..."

"బతికే ఉన్నాను గదా. కూర్చుంటాను."

పొద్దు వాలే వేళకి తుపాను షెల్టరు నిండిపోయింది. గోడకి తెల్ల గుడ్డ కట్టారు. మగవాళ్ళు ఒక పక్క, ఆడవాళ్ళు ఒక పక్క. ఉప్పాడ వాళ్ళు వెనక. రాళ్ళకట్ట అవతల సముద్రం కొడుతూనే ఉంది.

సాయిదుర్గ ఆడవాళ్ళ మధ్యలో కూర్చుంది. జీవరాజు ప్రొజెక్టరు దగ్గర నిలబడ్డాడు. ఇద్దరూ విడివిడిగా వచ్చారు.

బొమ్మ మొదలైంది. కూలుతున్న గోడలు. తలుపులు ఊడదీసి నెత్తిన పెట్టుకుని పోతున్న మనుషులు. వాళ్ళని వాళ్ళు చూసుకుని జనం నవ్వారు. "ఒరేయ్, నీ జుట్టంతా ఏమైందిరా?" "అదీ సముద్రమే తీసుకుపోయింది." పిల్లలు ఈలలు వేశారు. ఒక ముసలావిడ లేచి తెర దగ్గరికి వెళ్ళి తన గుమ్మాన్ని చేత్తో తడిమింది. గుడ్డ ఊగింది.

తర్వాత మసేనమ్మ వచ్చింది. జుట్టు ముందుకి వేసుకుంది.

నవ్వులు ఆగిపోయాయి.

"ఓ తాతాజీ మావో..."

షెల్టరులో గాలి ఆగినట్టయింది. అన్ని తలలూ నా వైపు తిరిగాయి. తిరిగి, గబుక్కున తెర వైపు పోయాయి.

ఒక ఆడది శోకం ఎత్తితే చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఊరుకోకూడదు. మాట చివర అందుకోవాలి. అందుకునేవాళ్ళు లేకపోతే పోయినవాడు దిక్కులేనివాడు. అందుకే మసేనమ్మ ప్రతి మాట చివరా ఆగింది. ఆ రోజు గదిలో అందుకోవడానికి ఎవరూ లేరు. కెమెరా ఉంది, లైటు ఉంది. ఆ ఖాళీల్లో లైటు తాలూకు సన్నటి రొద మాత్రం వినపడుతోంది.

ఇప్పుడు షెల్టరు నిండా ఆడవాళ్ళున్నారు. మేరుగయ్య పేరు వచ్చింది. మసేనమ్మ ఆగింది. ఎవరూ అందుకోలేదు. కొండమ్మ పేరు వచ్చింది. కొండమ్మ మనవరాలు అందుకోబోయి నోరు తెరిచింది. నన్ను చూసింది. నోరు మూసుకుంది.

ఎదురుగా కుర్చీలో మనిషి కూర్చుని ఉంటే ఎలా ఏడుస్తారు?

మసేనమ్మ మళ్ళీ ఎత్తింది, మళ్ళీ ఆగింది. ఒక్కతే. తెర మీద కూడా ఒక్కతే.

నేను లేచాను. కుర్చీ చప్పుడైంది. ప్రొజెక్టరు వెలుతురులో నా నీడ ఆవిడ మీద పడింది. వంగి, పక్కకి తప్పుకుని, మగవాళ్ళ మధ్య నుంచి నడిచాను. ఎవరూ ఎక్కడికి అనలేదు. కాళ్ళు ముడుచుకుని దారి ఇచ్చారు. శవాన్ని మోసుకుపోయేటప్పుడు అలాగే ఇస్తారు.

మెట్లు దిగాను. ఇసకలో కాలు పెట్టాను.

వెనక ఒక్క గొంతు అందుకుంది. సన్నటి గొంతు. రాగం సరిగ్గా రాని గొంతు. మావో అనవలసిన చోట మావయ్యో అంది. మొగల్తూరు యాస.

తర్వాత రెండు గొంతులు. తర్వాత ఎన్నో చెప్పలేను. షెల్టరు కప్పు అదిరిపోయింది. మా తాతని ఏడుస్తున్నారు, మా వరసని ఏడుస్తున్నారు, నన్ను ఏడుస్తున్నారు. అందరికంటే పైన మసేనమ్మ గొంతు. ఇప్పుడు ఆగిన చోట ఖాళీ లేదు.

నేను రాళ్ళకట్ట దగ్గర నిలబడ్డాను. ఇంటి వైపు అడుగు పడలేదు. ఆ ఇంట్లో అన్నం పెట్టేది ఆ సన్నటి గొంతే. వద్దన్నది నేనే.

ఇసకలో ఎవరో నడిచి వస్తున్న చప్పుడు. కాస్త దూరంలో ఆగింది.

"నాన్నా," అన్నాడు జీవరాజు.

లోపల నా శోకం ఇంకా నడుస్తోంది. అలాంటప్పుడు పిలిస్తే పలకవచ్చో పలకకూడదో మా పెద్దలెవరూ చెప్పి పోలేదు.

"నాన్నా," అన్నాడు మళ్ళీ.